చెవి దగ్గర మిగిలిన రంగు

ఆదివారం పొద్దున్నే మా శ్రీకాకుళం వీధి చివర ఆటోవాళ్లు అరసవల్లి, అరసవల్లి అని కేకలు మొదలుపెట్టేసరికి నేను అద్దం ముందు ఉంటాను, చేతిలో బొటనవేలంత క్రీము ట్యూబుతో. ఆ కేక వినగానే చెయ్యి ఆగిపోతుంది. యాభై దాటిన ఆడదానికి ముఖానికి రంగేమిటని ఎవరైనా దెప్పితే నాలుగు మాటలు తిరిగి అనగలను గానీ, ఆ ఊరి పేరు వింటే మాత్రం తప్పు చేస్తూ దొరికిపోయినదానిలా అయిపోతాను. నా వయసువాళ్లయితే తిట్టకుండా వింటారని ఈ సంగతి చెప్పుకుంటున్నాను.

ఆ వయసులో చాలామందికి వచ్చినట్టే నాకూ బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి. మొదట చింతగింజంత ఉన్నవి, చూస్తుండగానే బుగ్గంతా పాకాయి. డాక్టరు మందులూ, శనగపిండీ, బొప్పాయి గుజ్జూ అన్నీ అయ్యాయి. ఎదురుపడ్డవాళ్లు నా కళ్లలోకి కాక బుగ్గలకేసి చూసి మాట్లాడుతున్నారనిపించి, పెళ్లిళ్లూ పేరంటాలూ మానేశాను, ఆఫీసులో కూడా తల వంచుకునే పని చేసుకునేదాన్ని. గరివిడి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే మా అప్పకి (మా వైపు అక్కను అప్ప అనే అంటాం) ఇది పెద్ద దిగులైపోయింది. అమ్మ లేని ఇంట్లో నన్ను పెంచింది ఆవిడే. ఒకరోజు ఫోన్ చేసి, నా గురించి అరసవల్లి సూర్యదేవుడికి తలనీలాలు మొక్కుకున్నానని చెప్పింది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఇంతలో మా చిన్నాన్న మనవరాలి పెళ్లి వచ్చింది. తప్పించుకునే దారి లేక, తెలిసినవాళ్ల కంట పడకుండా విజయనగరంలో ఒక దుకాణానికి వెళ్లి ముఖానికి ఏదైనా ఇమ్మని సిగ్గుపడుతూ అడిగాను. అందరిలాగే నేనూ నా ఒంటి రంగు కన్నా తెల్లటిదే ఏరుకున్నాను. ఆ దుకాణంలో అమ్మాయి దాన్ని పక్కన పెట్టించి, నన్ను గుమ్మం బయట ఎండలో నిలబెట్టి, దవడ కింద రాసి చూసి, నా చామనఛాయలో కలిసిపోయే షేడు తీసింది. చుక్కలుగా పెట్టుకుని వేలి కొసతో అద్దుకోవాలనీ, మచ్చ ఉన్నచోట మాత్రమే రెండోసారి వేయాలనీ చెప్పింది. వేసుకున్నట్టు తెలియకూడదమ్మా అన్నాను. అంటుంటేనే ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పౌడరు డబ్బా నాన్నది, గడ్డం గీసుకున్నాక రాసుకోవడానికి. ఆడపిల్లలు ముట్టుకుంటే ఆయనకి గిట్టేది కాదు. ఆయన పొలానికి వెళ్లాక అప్ప ఆ డబ్బా దించి, అరచేతుల్లో చిటికెడు వేసుకుని రెండు చేతులూ రుద్దుకుని, నా ముఖానికి అలా తాకీ తాకనట్టు అద్దేది. ఆ తర్వాత తన పరికిణీ అంచు తడిపి నా చెవుల దగ్గరా, నుదుటి మీద జుట్టు మొదట్లోనూ తుడిచేది. "సెవుల కాడ తెల్లగుంటే నాన్న పట్టేస్తాడే. రాసుకున్నట్టుండకూడదు, మొకం కడుక్కున్నట్టుండాల," అనేది. నన్ను ముస్తాబు చేసేసరికే బడి గంట కొట్టేసేది, తను మాత్రం వట్టి ముఖంతోనే పరుగెత్తేది.

పెళ్లిలో అప్ప నా గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పి చాలాసేపు చూసింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, పందిరి బయటికి వెళ్లి సూర్యుడికి దండం పెట్టింది. మొక్కు ఫలించిందనుకుంటోందని నాకు అర్థమైంది. అప్పుడే చెప్పాల్సింది. ఎన్నాళ్లకో నలుగురూ నన్ను బాగున్నావంటుంటే ఆ సుఖం వదులుకోలేక, క్రీము సంగతి దాచేశాను.

వచ్చే ఆదివారమే మొక్కు తీర్చుకుంటానని అప్ప దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఆ రోజు కూడా నేను క్రీము రాసుకునే వెళ్లాను, వట్టి ముఖంతో ఎదురుపడే ధైర్యం లేక. ఆటోలో చెబుదామనుకున్నాను, గుడి దగ్గర దిగాక చెబుదామనుకున్నాను. తలనీలాలు తీసేచోట ఆవిడ ముడి విప్పితే నడుము దాటిన జుట్టు, చిన్నప్పుడు నేను వేళ్లకి చుట్టుకుని నిద్రపోయిన జుట్టు, మంగలి దోసిలితో నీళ్లు పోసి తడుపుతుంటే, అటు చూడలేక పక్కకి తిరిగి నిలబడ్డాను. గుండు మీద గంధం పూసుకుని వచ్చి, నీడలో నా పక్కన కూర్చుంది. ఎండకి నాకు చెమటలు కారిపోతున్నాయి. అప్ప తన చీర చెంగు నీళ్లసీసాతో తడిపి, నా చెవి దగ్గర మెల్లగా తుడిచింది.

"ఇక్కడ తెలిసిపోతన్నాదే. నీకు నేర్పినాను కదా?"

నాకు ఏడుపు ఆగలేదు. తెలిసి తెలిసీ జుట్టెందుకు ఇచ్చేశావు అప్పా అని అడిగాను.

"మచ్చ పోవాలని నానెప్పుడు మొక్కుకున్నానే? నువ్వు మళ్లీ నలుగురిలోకి రావాలని మొక్కుకున్నాను. వచ్చినావు గదా," అంది.

ఆవిడ క్షమించిందో, అసలు తప్పే పట్టలేదో నాకు తెలియదు. నా మనసు మాత్రం తేలికపడలేదు. ఆవిడ జుట్టు మళ్లీ వస్తోంది, తెల్లగా, పలచగా, మెడ దాకా. ఎండలో పొలం పనులు చేసి చేసి ఆవిడ ముఖం నా ముఖం కన్నా ఎక్కువ కమిలిపోయిందని నేను ఆ రోజే మొదటిసారి చూశాను. అంతకుముందు ఎన్నిసార్లు ఎదురుగా కూర్చున్నా, నా బుగ్గల గొడవే చెప్పుకున్నాను. క్రీము కొనిస్తానంటే నవ్వి, వద్దంది.

ఇప్పుడు మా ఇంట్లో నిలువుటద్దం ఉంది, దాని చుట్టూ దీపాలున్నాయి, నా రంగుకి సరిపోయే క్రీములూ ఉన్నాయి, రాసుకోవద్దనే నాన్న లేడు. ఆ రోజుల్లో అరచేతంత అద్దంలో ఇద్దరం ఇరుక్కుని చూసుకునేవాళ్లం, నా ముఖం చూసిపెట్టడానికి ఒక మనిషి ఉండేది. ఇప్పుడు చెవి దగ్గర నేనే తుడుచుకుంటాను. ఎంత తుడిచినా ఇంకా కొంచెం మిగిలిపోయిందేమోననే అనిపిస్తుంది.