సీటు వస్తుందా, టీచరమ్మా?

నాంపల్లి స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేను సైన్సు చెప్పేదాన్ని. రాష్ట్రం ఏర్పడిన ఏడు మావారి సెక్రటేరియట్ ఉద్యోగంతో కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చాం. మాది కృష్ణా జిల్లా. నేను చెప్పే తెలుగు విని పిల్లలు మొదట్లో నవ్వుకునేవాళ్లు, వాళ్ల తెలుగు విని నేను తికమకపడేదాన్ని. రెండేళ్లకి వాళ్లకీ నాకూ అలవాటయింది.

ఆ బడిలో పాఠాలతో పాటు ఇంకో పని నా నెత్తిన పడింది. ఊళ్లో పేరున్న ఆడపిల్లల కాలేజీలో, హైస్కూలు తర్వాత చదివే పీయూసీకి, సైన్సు సీట్లు తక్కువ. ఇంగ్లీషు మీడియం బడుల పిల్లలతోనే చాలావరకు నిండిపోయేవి. మా తెలుగు మీడియం నుంచి ఏటా ఇద్దరికో ముగ్గురికో దొరికితే గొప్ప. హాఫియర్లీ పరీక్షలు కాగానే ఆఖరి క్లాసు పిల్లల తండ్రులు వచ్చేవారు. అందరిదీ ఒకే ప్రశ్న: మా అమ్మాయికి సీటు వస్తుందా?

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక తండ్రికి "ఢోకా లేదండీ, తప్పకుండా వస్తుంది" అని చెప్పాను. రాలేదు. నా మాట నమ్మి వాళ్లు ఇంకెక్కడా అర్జీ పెట్టలేదు. మిగతా కాలేజీల గడువులు దాటిపోయాయి. ఆ ఏడు ఆ పిల్ల ఇంట్లోనే ఉండిపోయింది. మాఘంలో పెళ్లి చేసేశారు. శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, "పర్వా లేదు టీచర్" అని తనే నన్ను ఓదార్చింది.

అప్పటి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. పిల్ల పేరు, మార్కులు, నేను ఏం చెప్పానో, చివరికి ఏమైందో అందులో రాసుకునేదాన్ని. "వస్తుంది", "చెప్పలేం", "కష్టం". ఈ మూడింటిలో ఒకటి చెప్పేదాన్ని. కాస్త అనుమానం ఉన్నా కింది మాటే చెప్పేదాన్ని. నాలుగైదేళ్లలో నా మాట తప్పడం దాదాపు ఆగిపోయింది. హెడ్మిస్ట్రెస్ గారు కూడా తల్లిదండ్రుల్ని నా దగ్గరికే పంపేవారు. దాచుకోవడం దేనికి, ఆ పేరు నాకు బాగానే ఉండేది.

అలాంటి రోజుల్లోనే ఒక పెయింటరు వచ్చాడు. ఆబిడ్స్‌లో దుకాణాలకి బోర్డులు రాసేవాడు. ఉర్దూ, ఇంగ్లీషు ఎప్పటి నుంచో రాస్తున్నాడు. కొత్తగా తెలుగు బోర్డులకి గిరాకీ పెరిగింది. స్టాఫ్ రూం గుమ్మం బయటే చెప్పులు విడిచి, ఎంత రమ్మన్నా కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో ఎర్ర రంగు.

"టీచరమ్మా, మా బిడ్డ మీ క్లాసులనే ఉన్నది. గా కాలేజీల సీటొస్తదా? ఉన్నదున్నట్టు చెప్పున్రి. నాకు చదువు తెల్వది, అక్షరాలే తెల్సు."

ఆ పిల్ల నాకు బాగా తెలుసు. ముందు బెంచీ. సైన్సులో క్లాసులో రెండోది. ఇంగ్లీషులో మాత్రం నూటికి ముప్పై ఎనిమిది.

"అమ్మాయి తెలివైనదేనండీ. కానీ అక్కడ అన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు. ఆ కాలేజీ కష్టం. ఆర్ట్స్ తీసుకోమనండి, హాయిగా చదువుకుంటుంది."

"కష్టమంటె, రాదనా అమ్మా?"

"రాదనే అనుకోండి."

"మంచిదమ్మా. ముందుగాల్నే చెప్పిన్రు. బిడ్డకు నేను చెప్పుకుంట" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ఆ పిల్ల చివరి బెంచీకి మారింది. ప్రశ్న అడిగితే చెయ్యెత్తడం మానేసింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. వారం తర్వాత ఒక సాయంత్రం లాబ్‌లో పరీక్షనాళికలు కడుగుతుంటే వచ్చి నిలబడింది.

"మా నాయినకు ఏం చెప్పిన్రు టీచర్?"

"ఉన్నమాటే చెప్పానమ్మా."

"మీ దిక్కు పిల్లలకైతే సుత గిట్లనే చెప్తరా?"

నా దిక్కు. ఇన్నేళ్లలో ఏ పిల్లా నన్ను అంత మాట అనలేదు. కోపం వచ్చింది. కోపంలోనే బీరువా తెరిచి నోటుపుస్తకం తీసి ఆ పిల్ల ముందు పడేశాను. "నువ్వే చూసుకో. మీ దిక్కూ మా దిక్కూ నాకు లేవు. మార్కులు చూసి చెబుతాను."

స్టూలు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. తొందరపడలేదు. నేను మిగిలిన నాళికలన్నీ కడిగి బోర్లించాను. చీకటి పడుతోందని చెప్పబోతుండగా తలెత్తింది.

"టీచర్, మీరు కష్టమన్నోళ్లల్ల ఒక్కరన్న అర్జీ పెట్టిన్రా?"

"ఏం?"

"కష్టం అని రాసిన కాడల్లా పక్కన 'రాలేదు' అనే ఉన్నది. వాళ్లు పెడితె రాలేదా, పెట్టనే లేదా?"

పుస్తకం తీసుకుని చూశాను. పేరు పేరునా గుర్తు తెచ్చుకున్నాను. ఒకమ్మాయి టైపు నేర్చుకోవడానికి పోయింది. ఒకమ్మాయి ఆర్ట్స్‌లో చేరింది. ఒకమ్మాయి టీచరు ట్రైనింగు. ఎవరూ ఆ కాలేజీ గడప తొక్కలేదు, నేను కష్టమన్నాను కాబట్టి. నా మాట తప్పలేదంటే, తప్పడానికి దారే లేకుండా చేశానన్నమాట. ఇంకోటి కూడా అప్పుడే కళ్లపడింది. నేను "వస్తుంది" అని రాసిన పిల్లల్లో ఎక్కువమంది మా వైపు ఉద్యోగస్తుల పిల్లలే. ఇంట్లో ఇంగ్లీషు పేపరు చదివే తండ్రులున్న పిల్లలు. కావాలని చెయ్యలేదు. కానీ ఆ పేజీలు అలాగే ఉన్నాయి.

"పెట్టలేదు" అన్నాను.

ఆ పిల్ల గెలిచినట్టు చూడలేదు. సంచీ తగిలించుకుని "పోయొస్త టీచర్" అని వెళ్లిపోయింది.

ఆ వారమంతా నేను ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. అన్నం మాడింది. క్లాసులో ఒకే పాఠం రెండుసార్లు మొదలుపెట్టాను. మావారు విషయం విని, "నువ్వు అబద్ధం చెప్పలేదు కదా, ఎందుకింత బాధ?" అన్నారు. నిజం చెప్పానో లేదో తెలియకపోవడమే నా బాధ.

ఆదివారం ఆబిడ్స్ వెళ్లాను. దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి బోర్డులు రాసేవాళ్లకి అదే పని రోజు. రెండు వీధులు తిరిగితే కనబడ్డాడు. బట్టల దుకాణం ముందు నిచ్చెన మీద నిలబడి తెలుగు అక్షరాలు దిద్దుతున్నాడు. కింద నుంచి పిలిచాను.

"అమ్మాయి చేత అర్జీ పెట్టించండి. ఆ కాలేజీకే."

ఆయన కిందికి చూశాడు. "గా రోజు కష్టమన్నరు. ఇయ్యాల పెట్టుమంటున్నరు. నడుమ ఏమైందమ్మా?"

"మీ అమ్మాయి నా లెక్కలో తప్పు పట్టుకుంది."

నవ్వాడు, కానీ కుంచె ఆపలేదు. రంగు ఆరేలోపు అక్షరం పూర్తి చెయ్యాలి. పూర్తి చేసి అప్పుడు దిగాడు.

"పెట్టినంక రాకుంటె? బిడ్డ మనసు ఖరాబైతది గద. గదే నా ఫికర్."

"కావచ్చు. వస్తుందని నేను చెప్పడం లేదండీ. నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

తెలియదని చెప్పడానికి టీచరు ఆదివారం పూట ఎండలో రావడం ఆయనకి వింతగా తోచి ఉంటుంది. కుంచె గుడ్డకి తుడుచుకున్నాడు. "సరె. అయితె అవుతది, లేకుంటె లేదు. పెడ్తం" అన్నాడు.

మర్నాటి నుంచి బడి వదిలాక గంటసేపు ఆ పిల్లకి ఇంగ్లీషు చెప్పాను. అప్పుడు ఒక విచిత్రం బయటపడింది. చిన్నప్పుడు తండ్రితో ఆబిడ్స్ తిరిగి బోర్డుల మీద చూసిన మాటలన్నీ ఆ పిల్లకి స్పెల్లింగు తప్పకుండా వచ్చు. "ప్రిస్క్రిప్షన్" రాస్తుంది. కుర్చీలకి మెత్తలు కుట్టే దుకాణం మీది "అప్‌హోల్‌స్టరీ" రాస్తుంది. మా టీచర్లకే తడుముకోవలసిన మాటలు. వాటి అర్థం మాత్రం ఒక్కదానికీ తెలియదు. అక్షరాలు తండ్రి నుంచి వచ్చాయి, అర్థాలు మేమిద్దరం వెతుక్కోవలసి వచ్చింది. సైన్సు పుస్తకం తెలుగులో ఒక పేరా చదివి, అదే ఇంగ్లీషులో చెప్పమనేదాన్ని. తప్పులతోనే చెప్పేది. ఆగిపోయేది కాదు.

ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషులో యాభై ఒకటి. మొత్తం మార్కులు అటూ కాకుండా ఇటూ కాకుండా నిలిచాయి. అర్జీ పెట్టాం. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ రోజు నేనూ ఆమె తండ్రీ గేటు బయట నిలబడ్డాం. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. రంగు పోవడానికి చేతులు కిరసనాయిలుతో రుద్దుకున్నట్టున్నాడు, ఆ వాసన వస్తూనే ఉంది. లోపలికి వెళ్లే తండ్రులందరూ కార్ల నుంచో రిక్షాల నుంచో దిగి ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే, ఆయన గేటు మీది బోర్డు చూస్తూ, "గీ రాత ఎవరిదో గని, మంచిగ లేదమ్మా" అన్నాడు మెల్లిగా.

పిల్ల బయటికి వచ్చింది. "ఒక ప్రశ్న అర్థం కాలె టీచర్. అర్థం కాలేదు, మళ్లొకసారి చెప్పున్రని ఇంగ్లీషులనే అడిగిన."

"చెప్పారా?"

"చెప్పిన్రు. అప్పుడు సుత అర్థం కాలె."

ముగ్గురం రోడ్డు మీదే నవ్వాం. ఎన్నాళ్లకో నవ్వినట్టనిపించింది.

మొదటి లిస్టులో పేరు లేదు. రెండో లిస్టులోనూ లేదు. వెయిటింగులో పదకొండో నంబరు. నేను రోజూ బడి అవగానే బస్సెక్కి కోఠీలో ఉన్న ఆ కాలేజీకి వెళ్లి నోటీసు బోర్డు చూసి వచ్చేదాన్ని. కొత్త కాగితం ఉండదని తెలిసి కూడా వెళ్లేదాన్ని. పాత కాగితమే పై నుంచి కింది దాకా చదివేదాన్ని. వేరే పిల్లల పేర్లు కంఠతా వచ్చేశాయి. ఆ పిల్ల మాత్రం బోర్డు చూడ్డానికి రావడం మానేసింది. "ఉంటె మీరే చెప్తరు గద టీచర్" అంది.

ఇంతలో ఇంకో కాలేజీలో సైన్సు గ్రూపు సీటొచ్చింది. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివే మామూలు కాలేజీ. శనివారం లోపల చేరాలి. పేరున్న కాలేజీ మూడో లిస్టు సోమవారం వస్తుంది. తండ్రీ కూతురూ కలిసి బడికి వచ్చారు.

"ఏం చేద్దాం టీచరమ్మా? మీరేది చెప్తె గదే."

ఆగమంటే, రాకపోతే? చేరమంటే, సోమవారం పేరొస్తే? పేరున్న కాలేజీ గుమాస్తాని అంతకుముందే అడిగి ఉన్నాను. వెయిటింగు నుంచి ఎంతమందిని తీసుకుంటారంటే "ఒక్కో ఏడు ఒక్కో తీరు" అన్నాడు. నాకు తెలిసిందంతా వాళ్లకి చెప్పాను. ఆ తర్వాత, "ఇంతకుమించి నేను చెప్పలేనండీ" అన్నాను.

తండ్రి కూతురి వైపు తిరిగాడు.

"సీటొచ్చిన కాడనే చేరుత" అంది ఆ పిల్ల. "సోమవారం పేరొస్తె అప్పుడు చూద్దాం. రాకుంటె ఏడు ఖరాబు కాదు."

"మగపోరగాళ్లు నిండ ఉంటరు బిడ్డా."

"ఉండనీ నాయినా. నేను చదవనీకి పోతున్న."

ఆయనే శనివారం వెళ్లి చేర్పించాడు.

సోమవారం మూడో లిస్టు అంటించారు. వెయిటింగులో ఎనిమిదో నంబరు దాకా తీసుకున్నారు. ఇంకో ముగ్గురిని తీసుకుని ఉంటే వచ్చేది. చుట్టూ పిల్లలు తోసుకుంటుంటే కాసేపు అక్కడే నిలబడ్డాను. బస్సెక్కబుద్ధి కాలేదు. కోఠీ నుంచి ఆబిడ్స్ దాకా నడిచాను. దారిలో ఏం ఆలోచించానో గుర్తు లేదు, త్వరత్వరగా నడిచానని మాత్రం గుర్తుంది. ఆయన ఒక మందుల దుకాణం ముందు పని చేస్తున్నాడు. చెప్పాను.

"అంటె మీ లెక్క తప్పలేదన్నట్టు" అన్నాడు. ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు.

"తప్పలేదండీ" అన్నాను. నా మాట నిజమైనందుకు సంతోషం కలగని మొదటిసారి అది.

మరుసటి ఏడు నుంచి కష్టమని తోచినా సరే, అర్జీ పెట్టమనే చెప్పాను. ఆ ఏడు అలా ముగ్గురు పెట్టారు. ఒకమ్మాయికి సీటొచ్చింది. ఆ అమ్మాయికి నేను ఒక్క గంట కూడా పాఠం విడిగా చెప్పలేదు. ఎందుకు వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

పెయింటరు కూతురు పీయూసీలో ఇంగ్లీషు తప్పింది. సెప్టెంబరులో మళ్లీ రాసి గట్టెక్కింది. తర్వాత బీఎస్సీ. డెబ్బైల మొదట్లో ఒక సాయంత్రం సుల్తాన్ బజార్‌లో గాజులు చూస్తుంటే వెనక నుంచి "టీచర్" అని పిలిచింది. మెడలో నల్లపూసలు, చేతిలో టిఫిన్ డబ్బా. పెద్ద దవాఖానలో లాబ్‌లో ఉద్యోగమట. నెత్తురు పరీక్షలు చేస్తుందట. నాయిన నిచ్చెనెక్కడం మానేశాడు, ఇంటి దగ్గరే రేకుల మీద రాస్తున్నాడు అంది. చాలాసేపు మాట్లాడుకున్నాం.

బస్సు కోసం నడుస్తుంటే అడగకుండా ఉండలేకపోయాను. "నేను అర్జీ పెట్టమనకపోతే బాగుండేదేమో అనిపిస్తుందా ఎప్పుడైనా?"

"గట్లేం లేదు టీచర్" అంది వెంటనే. నాలుగడుగులు వేశాక, "గని బస్సు గా కాలేజీ ముందట పోతుంటె ఇప్పటికీ జర మొహం అటు తిప్పుకుంట" అంది.

ఆమె బస్సు ముందు వచ్చింది. ఎక్కి, జనం మధ్య నుంచి కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యూపింది.