ఐదు చుక్కల కత్తి

మార్లో ఊళ్ళో కోర్టు భవనం ముందు రెండు బల్లలున్నాయి. ఒకటి కోర్టులో పనున్నవాళ్ళది, రెండోది కత్తులవాళ్ళది. కత్తులవాళ్ళంటే హడలిపోనక్కర్లేదు. అందరూ ముసలాళ్ళే. బొగ్గు గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకుని పింఛను మీద బతికేవాళ్ళు, ఇంట్లో పోరు పడలేక పొద్దున్నే బయటపడేవాళ్ళు. జేబులోంచి మడత కత్తి తీసి దేవదారు పుల్ల చెక్కుతూ కూర్చుంటారు. ఆ పుల్లతో ఏం చేస్తారంటే ఏమీ చెయ్యరు. అది అయిపోతే ఇంకో పుల్ల అందుకుంటారు. మా కెంటకీ కొండల్లో మగవాడు పంట్లాం మర్చిపోయి బయటికొస్తాడేమో గానీ, జేబులో కత్తి మర్చిపోడు.

ఆ బల్ల చివరి చోటు ఎస్టిల్ సైజ్‌మోర్‌ది. చాలా ఏళ్ళు బడి బస్సు నడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. అతని చేతిలో ఏ కత్తి పెట్టినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడు. కోసే అలుగు తెరిచి, అది పిడిలోకి దిగేచోట కొట్టిన కంపెనీ ముద్రను భూతద్దంలో చూస్తాడు. పిడి ఎముకా, ప్లాస్టిక్కా అని గోటితో తట్టి చూస్తాడు. మూసేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఆ టక్కుమనే చప్పుడు వింటాడు. అన్నీ అయ్యాక ఉన్నమాట మొహం మీదే చెప్పేస్తాడు.

"మా తాత అంతర్యుద్ధంలో జేబులో పెట్టుకున్న కత్తి ఇది" అని ఒకాయన గర్వంగా తెచ్చి చూపించాడొకసారి.

ఎస్టిల్ తిప్పి చూసి ఇచ్చేశాడు. "మీ తాత యుద్ధానికి వెళ్ళాడేమో గానీ ఈ కత్తి వెళ్ళలేదండీ. ఇది పుట్టేసరికి మీ నాన్నకే మీసాలొచ్చాయి."

ఆయన మూడు నెలలు ఎస్టిల్‌తో మాట్లాడలేదు. అయినా ఎస్టిల్ ఆ పద్ధతి మార్చుకోలేదు. కత్తి గురించి ఒక్క అబద్ధం చెప్పినవాడు తర్వాత ఎన్ని నిజాలు చెప్పినా చెల్లవని అతని నమ్మకం.

అతనికి బాగా ఇష్టమైనవి పెన్సిల్వేనియాలో తయారయ్యే పసుపు పిడి కత్తులు. ఆ కంపెనీ పంతొమ్మిది వందల డెబ్బైలో ముద్ర కింద పది చుక్కలు కొట్టడం మొదలుపెట్టి, ఏడాదికొక చుక్క చొప్పున తగ్గిస్తూ వచ్చింది. చుక్కలు లెక్కపెడితే కత్తి ఏ ఏటిదో తెలిసిపోతుంది. అంతకు ముందు చేసినవాటి మీద చుక్కలే ఉండవు. "ముద్దుబిడ్డకి జాతకం రాసినట్టు రాసిపెట్టాడురా వాడు" అని ఎస్టిల్ మురిసిపోయేవాడు.

బల్ల మీద అతని పక్కన కూర్చునేది బర్లీ హాస్కిన్స్. వడ్రంగి. నోరు మూతపడని మనిషి.

"ఏరా ఎస్టిల్, గుప్పిట బేరమా?" అనేవాడు రోజూ.

గుప్పిట బేరమంటే ఇద్దరూ చెరో కత్తి గుప్పిట్లో దాచుకుని, చూసుకోకుండా మార్చుకోవడం. తెరిచి చూశాక ఏడవకూడదు.

"నీ గుప్పిట్లో తుప్పు తప్ప ఏముంటుందిరా?"

"నీ తలకాయలో కంటే తక్కువే ఉందిలే. పట్టు."

చేతులు మారేవి. ఎస్టిల్ గుప్పిట విప్పే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. అతనికి కత్తుల పిచ్చి అని ఊరంతా అనుకునేది. అది పిచ్చి కాదు. అతను ఒకే ఒక్క కత్తి కోసం వెతుకుతున్నాడు. టెనెసీ నుంచి ఒహాయో దాకా ఎక్కడ సంత జరిగినా వెళ్ళి, బల్లల మీద పరిచిన పసుపు పిడి కత్తులన్నీ తెరిచి, లోపలి ఇత్తడి రేకు మీద గుండుసూదితో గీసిన రెండక్షరాలున్నాయేమో చూసేవాడు. ఆ అక్షరాలు గీసింది తనే. అరవై ఆరులో, అన్న ఆర్లీకి గనిలో ఉద్యోగం వచ్చినప్పుడు, తను కొనిచ్చిన కత్తి మీద గీశాడు. ఆ సంగతి అన్నదమ్ములిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

డెబ్బై ఒకటి అక్టోబరులో ఆర్లీ మందుల కోసం మంచి ధరకి కొనే జిన్సెంగ్ వేర్లు తవ్వుకొస్తానని ఓ సంచీ, ఆ కత్తీ పట్టుకుని కొండెక్కాడు. మళ్ళీ దిగలేదు. ఊరు ఊరంతా వారం పాటు గాలించింది. ఆ కొండ నిండా వదిలేసిన గనుల గాలి బొరియలు. ఏదో ఒకదాంట్లో పడిపోయి ఉంటాడని షెరీఫ్ తేల్చేశాడు. ఆ మాట అందరూ నమ్మారు. ఎస్టిల్‌కి మాత్రం మింగుడు పడలేదు. ఆ కొండ మీద కళ్ళకు గంతలు కట్టినా నడవగలిగిన మనిషి ఆర్లీ. అతను చచ్చిపోలేదేమో, వెళ్ళిపోయాడేమో అన్న అనుమానం తమ్ముడి మనసులో ముల్లులా దిగబడింది. వెళ్ళిపోయినవాడు ఎప్పుడో ఒకప్పుడు డబ్బుకి కటకటై జేబులో కత్తి అమ్ముకోకపోడు. ఆ కత్తి చేతికి చిక్కితే చాలు, అది అమ్మిన మనిషి ఎక్కడున్నాడో కూపీ లాగొచ్చు. ఇదీ ఎస్టిల్ లెక్క.

ఆర్లీ భార్య డెల్ఫియా అయిదేళ్ళు ఏడ్చింది. తరువాత ఒక రోజు పగలు ఆమె వంటింట్లో ఒక్కతే యాపిల్ ముక్కలు సీసాలకెత్తుతోంది. రేడియో పెట్టుకుని, దాంతో పాటు తనూ చర్చి పాటలు పాడుకుంటోంది. ఖాళీ సీసాల కోసం వరండాలోకి వచ్చేసరికి పిట్టగోడ మీద పసుపు పిడి కత్తి ఉంది. అలుగు తెరిచి ఉంది. పక్కన మేకుకి యాపిల్ తొక్క వేలాడుతోంది. ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా ఒలిచిన తొక్క, ఇంకా తడారలేదు. ఆర్లీ అలాగే ఒలిచేవాడు. ఒలిచి ఆ మేకుకే తగిలించేవాడు.

ఆమె కేకలు వెయ్యలేదు. ఆ రోజు నుంచీ ఏడుపు మానేసింది. "నా పాట వినడానికి వచ్చి వెళ్ళాడు" అని అందరికీ చెప్పుకుంది. మా వైపు చచ్చినవాళ్ళు వచ్చి పోవడం కొత్తేమీ కాదు, అందరూ తలూపారు. ఆమె ఆ కత్తిని తెరిచింది తెరిచినట్టే ముందు గదిలో బీరువా మీద పెట్టి గాజు గిన్నె బోర్లించింది. ఒకరు తెరిచిన కత్తి ఇంకొకరు మూయకూడదు, మూస్తే అరిష్టం. తెరిచినవాడే మూయాలి. ఇక్కడ పాలు తాగే పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు.

ఎస్టిల్ ప్రతి ఆదివారం ఆ ఇంట్లో ఉడికించిన బీన్స్, మొక్కజొన్న రొట్టె తినేవాడు. గాజు గిన్నెకి వీపు పెట్టి కూర్చునేవాడు. దెయ్యం వచ్చి తొక్క ఒలిచిందే అనుకుందాం, మరి యాపిల్ ఎవరు తిన్నట్టు? ఈ ప్రశ్న అతనికి మొదటి రోజే తట్టింది. రాష్ట్రాలు దాటి తిరిగి ముక్కూమొహం తెలియనివాళ్ళ కత్తులు తెరిచి చూసే మనిషి, వదిన బీరువా మీద కత్తిని పన్నెండేళ్ళు తాకలేదు. భయపడ్డాడు. అందులో తన అక్షరాలుంటే అన్న దెయ్యమన్నా అయ్యుండొచ్చు. లేకపోతే?

ఎనభై ఎనిమిది వసంతంలో డెల్ఫియాకి గుండెపోటు వచ్చి తగ్గింది. ఆసుపత్రి నుంచి రాగానే ఎస్టిల్‌ని పిలిపించింది.

"సమాధి రాయి వేయిస్తున్నాను ఎస్టిల్. మీ అన్న పేరూ నా పేరూ పక్కపక్కన. నేను పోయాక మీరెవరైనా వేయిస్తారని నాకు నమ్మకం లేదు."

"అవేం మాటలు వదినా?"

"ఉన్న మాటలే. పూడ్చడానికి ఏదో ఒకటి ఉండాలిగా, ఆ కత్తి పెడతాను. బర్లీ పెట్టె కూడా చేసి ఇచ్చాడు." వాల్‌నట్ చెక్కతో ముద్దుగా చేసిన చిన్న పెట్టె, మూసిన కత్తికి సరిపోయేంత. "భర్త పోయాక పెళ్ళాం మూయొచ్చట, పాస్టరు గారే చెప్పారు. మూసే ముందు నువ్వొకసారి చూడు. అది మీ అన్నదే అని నీ నోటితో చెప్పు. నువ్వు చెప్తే ఇంక ఎవరూ మాట్లాడరు."

"ఇన్నేళ్ళ తర్వాత చూడటమెందుకు వదినా? వదిలెయ్."

"పొరుగూళ్ళవాళ్ళవి చూస్తావు, మన ఇంట్లోది చూడటానికి ఏం రోగం?"

ఆమె గాజు గిన్నె తీసింది. ఎస్టిల్ కత్తిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ముందు రేకుల మధ్య చూశాడు. ఇత్తడి నున్నగా ఉంది. అక్షరాలు లేవు. భూతద్దం ముద్ర మీదికి జరిపాడు. ముద్ర కింద చుక్కలున్నాయి. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఏమిటి?" అంది డెల్ఫియా.

అతను భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. అబద్ధం చెప్పాలని ఉంది, నాలుక తిరగడం లేదు.

"ఎస్టిల్, నిన్నే."

"ఐదు చుక్కలున్నాయి వదినా. ఇది డెబ్బై ఐదులో చేసిన కత్తి. అన్న వెళ్ళింది డెబ్బై ఒకటిలో. నేనిచ్చిన కత్తి ఇది కాదు. ఇది... తర్వాత కొనుక్కున్నాడు."

ఆమె కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో చేతులు చూసుకుంది. తల ఎత్తినప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు, కోపమూ లేదు. దారి తప్పిన మనిషి చూపు అది.

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను కదా" అంది.

"అవును వదినా."

"తలుపు వేసి కూడా లేదు. దోమల జాలీ ఒక్కటే అడ్డం. పాడుతూనే ఉన్నాను. యాపిల్ ఒలుచుకుని తినేంతసేపు అక్కడే కూర్చుని విన్నాడా? చచ్చినవాడు వచ్చి విని వెళ్తే ఎంత సంతోషించానురా. బతికున్నవాడు విని, లేచి వెళ్ళిపోయాడా?"

ఎస్టిల్ కత్తిని మళ్ళీ బీరువా మీద పెట్టాడు. పదిహేడేళ్ళు సంత సంతకీ తిరిగి వెతికిన ఆచూకీ తన వీపు వెనకే, గాజు గిన్నె కింద ఉంది. తను ధైర్యం చేసి మొదటి ఆదివారమే చూసుంటే అన్న ఇంకా ఏ పక్క ఊళ్ళోనో దొరికేవాడేమో. ఈ ఆలోచన ఆ తరువాత అతన్ని ఎప్పుడూ వదలలేదు.

"రాయి ఆపించనా?" అన్నాడు చివరికి.

"పేరు చెక్కేశారు. ఊరందరికీ చెప్పాను. మొగుడు వదిలేసిన దాన్నని ఈ వయసులో చెప్పుకోమంటావా? కానివ్వు."

శనివారం చర్చి వెనక శ్మశానంలో జనం బాగానే చేరారు. డెల్ఫియా నల్ల బట్టల్లో వచ్చింది. ఆమె చేతిలో బర్లీ చేసిన పెట్టె లేదు. కత్తెరలు దాచుకునే పొడుగాటి రేకు డబ్బా ఉంది, చుట్టూ తాడు కట్టి ఉంది.

బర్లీ మొహం మాడిపోయింది. "అదేంటమ్మా, నా పెట్టె ఏమైంది?"

"కత్తి పట్టలేదు."

"పట్టకపోవడమేంటి? మూసిన కత్తి కొలతకే కదా చేశాను."

ఎందుకు పట్టలేదో ఎస్టిల్‌కి అర్థమైంది. ఆమె దాన్ని మూయలేదు. తెరిచినవాడు బతికుండగా ఇంకొకరు ఎలా మూస్తారు?

బర్లీ ఊరుకునే రకం కాదు. డబ్బా వైపు, ఎస్టిల్ వైపు చూశాడు. కత్తుల బల్ల మీద పాతికేళ్ళు కూర్చున్నవాడికి ఏదో వాసన తగిలింది.

"ఎస్టిల్, నువ్వు చూశావటగా. ఆర్లీ పాత కత్తేనా? చుక్కలేం లేవుగా?"

పాస్టరు బైబిలు మూసి ఆగాడు. అందరూ ఎస్టిల్ వైపు తిరిగారు. డెల్ఫియా ఒక్కతే నేలను చూస్తోంది.

"లేవు" అన్నాడు ఎస్టిల్. "పాతదే. నేను కొనిచ్చిందే."

బర్లీ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఎస్టిల్ చెప్పాక ఇంక మాటేముంది. డబ్బా మట్టిలోకి దిగింది.

అప్పటి నుంచీ ఎస్టిల్ బల్ల మీద కత్తులు చూడటం తగ్గించాడు. ఎవరైనా కత్తి ఇచ్చి ఏ ఏటిదని అడిగితే కళ్ళు సరిగ్గా ఆనడం లేదంటాడు. సంతలకి మాత్రం మానకుండా వెళ్తాడు. వెళ్ళి బల్లల మీద వంగడు. వచ్చేపోయే ముసలాళ్ళ మొహాలు చూస్తూ నిలబడతాడు. "నా మొహంలో ఏముందయ్యా, కావాల్సింది కొనుక్కో" అని ఒకళ్ళిద్దరు కసిరారు కూడా.

మరుసటి ఏడు మే నెలలో, సమాధులకి పూలు పెట్టే ఆదివారం నాడు, అతను వదినని ట్రక్కులో తీసుకెళ్ళాడు. ఆమె తల్లికి పెట్టింది, తండ్రికి పెట్టింది, పురిట్లోనే పోయిన బిడ్డకి పెట్టింది. భర్త రాయి దగ్గర ఆగకుండా నడిచి వచ్చేసింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎంత గుండెరా ఈవిడకి అని ఎవరో గొణిగారు.

తిరిగి వస్తుంటే ట్రక్కు వంతెన దాటింది.

"మొన్న టెనెసీ సంతకి వెళ్ళావుగా" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ. "కనిపించాడా?"

"లేదు వదినా."

"సరిగ్గా చూశావా?"