నలభై ఒకటో వాషరు

పోయినవన్నీ కూడితే ఇవి: పని ఆగిన రోజులు ఆరు. గదిలో నా పక్క మంచం మీద పడుకునే మనిషి ఒకడు. మధ్యాహ్నం నా క్యారియర్‌కు ఎదురుగా తెరుచుకునే క్యారియర్ ఒకటి. వాషరు ఒకటి, అది నిజంగా పోయి ఉంటే.

ముత్తుకూరు దాటాక మా షెడ్డు. కరెంటు తీసే ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టర్లకు ఉక్కు తొట్లు చేస్తాం. రేపు వాటిలో కరిగిన సోడియం పారుతుంది కాబట్టి లోపల చిన్న ముక్క కూడా మిగలకూడదు. అందుకని తొట్టి నోటి దగ్గర నన్ను కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లే స్పానరు, పెన్ను, కళ్లజోడు అన్నీ లెక్కపెట్టి రాస్తాను. బయటికి రాగానే మళ్లీ లెక్కపెడతాను.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్క రేవులో చేపల గంపల దగ్గర నేర్చుకున్నాను. అక్కడ నూరు వేశాక, అంకె పలక్కుండా ఇంకొకటి వేస్తాం. ఆ కొసరును ఎవరూ రాయరు.

ఒకరోజు టీ తాగుతూ ఇంజనీరు గారు చెప్పారు, ఈ రియాక్టరు ఇంధనం కాలుస్తూనే, కాల్చినదానికంటే కొంచెం ఎక్కువ కొత్త ఇంధనం తయారు చేస్తుందని. నా గదిలో ఉండే ఫిట్టరు నావైపు చూసి, కొసరు వేసే రియాక్టరా, అయితే మా అన్న చేసిందే, అన్నాడు. అందరం నవ్వాం.

ఆ వారమే అతనికి బోల్టుల కింద వేసే వాషర్లు నలభై సంచిలో లెక్కపెట్టి ఇచ్చాను. తొట్టి లోపల ముప్ఫై ఆరు బిగించాడు, నాలుగు తిరిగి ఇచ్చాడు. లెక్క సరిపోయింది, సంతకం పెట్టాను. రెండు రోజుల తర్వాత అన్నం ముద్ద చేతిలో ఉండగా అనుమానం వచ్చింది. నలభై అయ్యాక నా చెయ్యి ఇంకొకటి వేసిందా?

వెళ్లి ఇంజనీరు గారికి చెప్పాను. పని ఆపేశారు. ఒకటి లోపల పడేసి చెప్పలేదని ఆ సాయంత్రమే ఫిట్టరును ఇంటికి పంపించారు. ఆరు రోజులు కెమెరా పెట్టి, గుడ్డలతో తుడిచి వెతికారు. లోపల ఏమీ లేదని తేల్చి తొట్టికి మూత వెల్డింగ్ చేశారు. అతన్ని మాత్రం మళ్లీ పిలవలేదు.

మనుబోలు బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. ఖాళీ గ్లాసు తీసుకుంటూ అడిగాడు.

"అన్నా, ఆ వాషరు వేసినట్టు నీకు గుర్తుందా? అలవాటు కాబట్టి వేసే ఉంటానని చెప్పినావా?"

నా కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాను.

"తెలిసినప్పుడు రా," అన్నాడు.

ఇంకా వెళ్లలేదు. స్టోరులో ఆ సైజు వాషర్లు ఎన్ని వచ్చాయో, ఎన్ని వాడారో, ఎన్ని మిగిలాయో మూడుసార్లు కూడి చూశాను. కొత్తవి వచ్చి పాతవాటితో కలిసిపోయాయి, తేలదు. ఇప్పుడు ఒక్కడినే తింటాను. నలభై లెక్కపెట్టాక రెండో చేత్తో కుడి చేతిని పట్టుకుంటాను. రిజిస్టరులో ఆ పేజీ సరిపోయినట్టే ఉంటుంది. అతనికి నేను చెప్పాల్సిన అంకె మాత్రం అలాగే ఉంది: నలభయ్యో, నలభై ఒకటో.