రూతమ్మ చెంప మీది మచ్చ

ఇన్నేళ్ళుగా మోస్తున్న ఈ బరువును ప్రార్థనలో కూడా దించుకోలేదు. దేవుడికి తెలుసులే అని, పేరు పెట్టకుండా దాటేసేదాన్ని. ఇది చదివే మీకైనా పేరు పెట్టి చెబుతాను.

మా ఆయనకు నరసరావుపేటలో చిన్న అచ్చాఫీసు ఉండేది. బొమ్మలు అచ్చువేసే చెక్కలు నేనే చెక్కేదాన్ని. మా నాన్న ఇంట్లోనే అక్షరాలతో పాటు ఆ పనీ నేర్పాడు. అందుకు ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను. ఒక వేసవిలో సువార్త కూటాలకని చర్చివాళ్ళు పాపాలను మనుషుల్లా చూపే బొమ్మ అడిగారు. తాగుబోతూ, లోభీ తేలిగ్గానే వచ్చారు. అసూయకు ముసుగు వేసి వదిలేశాను. మోహానికి ఆడమనిషి ముఖం కావాలి.

రూతమ్మ ముఖం చెక్కాను.

ఆమె మా వీధిలో బట్టలు కుట్టుకు బతికే వితంతువు. చర్చిలో ఆమె పాడితే మా ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. ఇంటికొచ్చి అదే రాగం తీస్తూ అచ్చు కూర్చేవాడు. అంతకుమించి ఏమీ లేదు. లేదని నాకు అప్పుడు తెలియదా? తెలుసు.

బొమ్మ ఊరూరా గోడలకెక్కింది. బావి దగ్గర, "జరగండే, సైతాను పెళ్ళాం బిందె తెచ్చింది!" అని నవ్వారు. ఆమెకు గుడ్డలివ్వడం మానేశారు. ఆమె పాడటం మానేసింది. ఒకరోజు ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది వదినా, ఇది నేనేనంట గదా?"

"నువ్వెందుకవుతావే? చెక్క మీద ఏ ముఖమైనా అట్టాగే వస్తది."

"మరి ఈ మచ్చో?"

"అక్కడ ఉలి తగల్లేదే. మిగిలిన చెక్కకి సిరా అంటింది."

"అంతేలే. మా వదిన అట్టాంటిది కాదంటే ఆ ముండలు వినరే! చానా సంతోషం వదినా."

ఆ సంతోషం నన్ను నిద్రపోనివ్వదు.

చెక్క మీద చెక్కింది కాగితం మీద తిరగబడి పడుతుంది. రూతమ్మ మచ్చ ఎడమ చెంప మీద. చెయ్యి పొరపాటున ఆమె పోలిక పట్టి ఉంటే, మచ్చ చెక్కకు ఎడమ చెంపనే పడి, కాగితం మీద కుడికి వచ్చేది. నేను ఆగి, ఆలోచించి, కాగితం మీద ఎడమకే వచ్చేలా చెక్కకు కుడి చెంపన పెట్టాను.

ఆమె మాచర్లలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె కంటే ముందే ఆ బొమ్మ అక్కడికి చేరి ఉంది. అక్కడే పోయిందని తర్వాత విన్నాను. క్షమించమని ఇప్పుడు ఎవరిని అడగను?

గుమ్మంలో చెప్పవలసిన మాట ఒక్కటే ఉండిపోయింది. అవును రూతమ్మా, అది నువ్వే. కావాలనే చెక్కాను.

రాశాను.