ఆకుపచ్చ బొట్టుబిళ్లలు

మొన్న ఆదివారం గుణదలలోని మా ఇంటికి ఒకప్పుడు నా దగ్గర పనిచేసిన అమ్మాయి వచ్చింది. నేను రిటైరయ్యే ఏడాది చేరిన పిల్ల, ఇప్పుడు నా కుర్చీలో తనే కూర్చుని మా పాత జట్టును నడిపిస్తోంది. అరటిపళ్ల సంచీ బల్లమీద పెట్టి, నా మోకాళ్ల నొప్పుల సంగతి సగంలో ఉండగానే ఫోన్ తీసి నా ముందు పెట్టింది. కొత్తగా ఒక సూపర్‌మార్కెట్‌లో పనికి పెట్టించిన ఒకతను రోజూ ఎన్నింటికి వస్తున్నాడో అందులో వరుసగా కనిపిస్తోంది. తొమ్మిదింటి పనికి మొదట్లో సరిగ్గా తొమ్మిదింటికి వచ్చేవాడట, తర్వాత ఎనిమిదిన్నరకి, ఆ తర్వాత ఎనిమిదికి, ఈ వారమంతా ఏడింటికే. ప్రతి వేళ పక్కనా ఒక ఆకుపచ్చ చుక్క ఉంది. "చూశారా మేడమ్, ఎంత బాగా సెటిలయ్యాడో!" అని ఆ పిల్ల మురిసిపోతుంటే నేను ఆ వేళలనే మళ్లీ మొదట్నుంచి చదివాను.

అలాంటి చుక్కలు నేనూ పెట్టినదాన్నే. కాకపోతే మా రోజుల్లో అవి ఫోన్‌లో ఉండేవి కావు, గోడమీద ఉండేవి.

పటమటలో ఒక మందుల దుకాణం పైన రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. మానసిక వ్యాధి వచ్చి, వైద్యంతో కుదుటపడ్డవాళ్లకు ఉద్యోగం వెతికిపెట్టడం, అది నిలబడేదాకా వాళ్ల వెన్నంటి ఉండటం మా పని. జట్టులో నలుగురం, దానికి పెద్దను నేను. మేము పెట్టించిన మనిషి పక్కన మొదటి కొన్ని వారాలు మాలో ఒకరం కూర్చుని అదే పని చేసేవాళ్లం, ఆ మనిషికి బెరుకు పోయాక మెల్లగా తప్పుకునేవాళ్లం. అలా నేను మిఠాయి కొట్టులో లడ్డూలు చుట్టాను, చేపల షెడ్డులో రొయ్యలు ఒలిచి వారం రోజులు ఇంట్లోవాళ్లచేత ముక్కు మూయించాను. మన వయసువాళ్లకు తెలుసు, ఆ కాలంలో పిచ్చి అన్న మాట ఒకసారి అంటుకున్న మనిషిని ఇంటివాళ్లే వెనకగదిలో ఉంచి తలుపు దగ్గరగా వేసేవాళ్లు. అలాంటివాళ్లు జీతం కవరు పట్టుకుని మా మెట్లెక్కి వస్తుంటే నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ గర్వమే నా కళ్లు కప్పిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు, బాధ మాత్రం ఉంది.

గోడమీద పెద్ద అట్ట ఒకటి తగిలించి దానిమీద అందరి పేర్లూ రాశాను. వేళకు పనికి వెళ్లినరోజు ఆకుపచ్చ చుక్క, ఆలస్యమైతే ఎరుపు. అతికించే చుక్కలు ఎక్కడా దొరక్కపోతే కింద ఫ్యాన్సీ షాపులో బొట్టుబిళ్లల అట్టలు కొనుక్కొచ్చాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. శనివారం సాయంత్రం అందరూ వచ్చి అట్ట ముందు నిలబడేవాళ్లు, పచ్చవాటికి చప్పట్లు కొట్టేవాళ్లం. ఎర్రవాటికి నేను చిన్న ఉపన్యాసం ఇచ్చేదాన్ని. యజమాని మీ జబ్బును క్షమిస్తాడేమో గానీ మీ ఆలస్యాన్ని క్షమించడు అని నా ఉపన్యాసంలో ఒక వాక్యం ఉండేది.

ఆ పక్క వీధిలోనే జాకెట్లు కుట్టే ఒక ముస్లిం ఆవిడ ఉండేది. వీధివీధంతా ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేది, హిందువుల పిల్లలు కూడా. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. ఆ తమ్ముడు డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఎవరో తన గురించి మాట్లాడుతున్నట్టు చెవుల్లో వినబడటం మొదలై, చదువు ఆగి, మూడేళ్లు ఇంట్లోనే ఉండిపోయాడు. మందులు పనిచేశాయి. పొద్దున్నే అక్కకు ఆరేడు సూదుల్లో దారాలెక్కించి గుడ్డకు గుచ్చి ఉంచడం అతని పని, ఎందుకంటే ఆమెకు దగ్గరచూపు ఆనేది కాదు. నాకూ ఒక ఉద్యోగం కావాలండీ అని తనే మా మెట్లెక్కి వచ్చి అడిగాడు. అతనికి అంతకుమించి ఏ కోరికా లేదు, నలుగురిలాగా పొద్దున్నే వెళ్లడానికి ఒక చోటు కావాలి.

నోటు పుస్తకాలు తయారుచేసే ఒక బైండింగ్ షాపులో పెట్టించాం. రూళ్ల కాగితాలు మడతపెట్టడం, అట్ట చేర్చి పిన్ను కొట్టడం పని. వెనకగదిలో కటింగ్ మిషను ఉండేది, పుస్తకాల కట్టను దానికింద పెట్టి మీట నొక్కితే బారెడు కత్తి దిగి అంచులు తెగేవి. మావాడిని దాని దగ్గరికి పంపకూడదని ఓనరుగారితో ముందే మాట తీసుకున్నాను. మూడు వారాలు అతని పక్కన నేనే కూర్చున్నాను. నా మడత వంకరపోతే చూడనట్టు ఊరుకుని, నేను అటు తిరిగాక సరిచేసేవాడు, అంత మర్యాదస్థుడు. మొదటి నెలలో ఒకరోజు పది నిమిషాలు ఆలస్యమైంది. రాత్రి మందు మత్తుకు తెల్లవారి మెలకువ రాలేదన్నాడు. ఆ శనివారం అందరి ముందూ ఎర్ర బొట్టుబిళ్ల అతికించి నా ఉపన్యాసం నేనిచ్చాను. అందరూ వెళ్లిపోయాక కూడా అతను ఆ ఎర్రచుక్కను చూస్తూ నిలబడే ఉన్నాడు. నేను దీపం ఆర్పుతూ, ఇకనుంచి జాగ్రత్త అని నవ్వుతూ చెప్పాను.

ఆ తర్వాత అతని వరుసలో ఎరుపన్నది లేదు.

వేసవి వచ్చింది. బడులు తెరిచేలోగా పుస్తకాలు అందించాలి కాబట్టి షాపులో పని ఏడింటికే మొదలుపెట్టారు. అతను ఆరున్నరకు వెళ్లేవాడు, తర్వాత ఆరింటికి, ఆ తర్వాత వీధి ఊడ్చేవాళ్లు వచ్చేసరికే షట్టరు ముందు అరుగుమీద కూర్చుని ఉండేవాడు. ఎలాగూ ముందు వచ్చేది ఇతనే కదా అని ఓనరుగారు తాళంచెవి అతని చేతికే ఇచ్చారు. మా వాళ్లలో ఒక మనిషిని నమ్మి తాళం ఇవ్వడం అదే మొదలు. ఆ తాళంతో ఫోటో తీయించి అట్ట పక్కన పెట్టుకున్నాం, మిఠాయిలు కూడా పంచాను.

అప్పుడే ఒక మధ్యాహ్నం ఆపా మా ఆఫీసుకు వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, లోపలికి రమ్మంటే గుమ్మంలోనే ఆగింది.

"మేడమ్‌గారూ, వాడు రాత్రిళ్లు నిద్రపోటంలేదండీ. తెల్లార్లూ కూర్చునే ఉంటన్నాడు. నేనడిగితే కోప్పడతన్నాడు. మీ మాటైతే వింటాడు, కాస్త అడగండి."

మా వృత్తిలో మాకు నూరిపోసిన సంగతి ఒకటుంది. ఇంటివాళ్లకు భయమెక్కువ, ఆ భయంతోనే కోలుకున్న మనిషిని వెనక్కి లాగుతారు, వాళ్ల మాటలకు మరీ చెవి ఒగ్గకూడదు. మందులు డాక్టరుగారి వ్యవహారం, పని మా వ్యవహారం అని గీత కూడా గీసుకున్నాం. ఆ గీత ఇవతల నిలబడి ఆమెకు ధైర్యం చెప్పాను, అట్ట దగ్గరికి తీసుకెళ్లి తమ్ముడి వరుస చూపించాను. ఆమె ఒక పచ్చ బొట్టుబిళ్లను వేలితో మెల్లగా తడిమి చూసింది.

"బాగానే ఉందండీ. మరి నిద్రకి బొట్టు పెట్టరాండీ?"

నేను నవ్వాను. ఎంత అమాయకురాలు అనుకుని నవ్వాను. ఆమె కూడా మొహమాటానికి నవ్వి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే షాపుకు వెళ్లి చూశాను. అతను చిక్కిపోయాడు గానీ చేతులు ఇదివరకటికన్నా చురుగ్గా ఆడుతున్నాయి. ఒక్కటే వింత, ప్రతి తెల్ల కాగితాన్నీ మడతపెట్టే ముందు అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. ఏమీ రాయని కాగితంలో చూడటానికి ఏముంటుందని నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. నా పుస్తకంలో 'శ్రద్ధ బాగా పెరిగింది' అని రాసుకుని వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత కటింగ్ మిషను నడిపే ఆయన అవనిగడ్డ దగ్గర తన ఊరికి వెళ్లి వెంటనే రాలేకపోతే, ఓనరుగారు ఫోన్ చేసి, మీవాడంత నిదానస్థుడు నా దగ్గర ఇంకొకడు లేడండీ, మిషను మీద కూర్చోబెట్టమంటారా అని అడిగారు. తీసుకున్న మాటను నేనే వదిలేశాను. సరేనన్నాను. ఆ రోజు సంతోషంగా ఉన్నాను కూడా.

జూన్ మొదట్లో ఒక సోమవారం పొద్దున ఫోన్ మోగింది. "మేడమ్, అర్జంటుగా రండి. మీవాడు లోపల్నించి షట్టరు గడియేసుకున్నాడు. పిలిస్తే పలకట్లేదు, మిషను నడుస్తోంది" అని ఓనరుగారు ఆయాసపడుతూ చెప్పారు. నేను ఆటో ఎక్కి వెళ్లేసరికి పనివాళ్లంతా వీధిలో నిలబడి ఉన్నారు. లోపల్నుంచి మోటారు రొద, దానిమీద కత్తి దిగిన చప్పుడు, కాస్త ఆగి మళ్లీ ఆ చప్పుడు. ఆగిన ప్రతిసారీ, అక్కడ కత్తికింద ఉన్నది కాగితమేనా అని నా గుండె అడిగేది. కరెంటు ఆపుదామంటే మెయిన్ స్విచ్చి లోపలే ఉంది. కరెంటు ఆఫీసుకు మనిషి పరుగెత్తాడు. నేను షట్టరు దగ్గరగా నిలబడి, శిక్షణలో నేర్పిన మెత్తని గొంతుతో, శిక్షణలో నేర్పిన మాటలన్నీ మాట్లాడాను. కత్తి నా మాటల మీదుగానే దిగింది. అరిస్తే ఉలిక్కిపడతాడేమోనని భయం, అరవకపోతే వినబడదేమోనని భయం. ఇన్నేళ్లలో ఎంతమందికో దారి చూపించిన దాన్ననుకున్నాను గానీ ఆ షట్టరు ముందు నాకు ఏమీ తెలియలేదు.

ఆపా వచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. నన్ను ఏమీ అడగలేదు, నావైపు చూడను కూడా లేదు. నేలమీద కూర్చుని, షట్టరుకూ గడపకూ మధ్య ఉన్న సందు దగ్గర నోరు పెట్టి, వాళ్ల ఉర్దూలో ఏదో చెప్పింది, ఇంట్లో పక్కగదిలో ఉన్న మనిషితో మాట్లాడినంత మామూలుగా. నాకు తర్వాత చెప్పింది, తను అన్నది ఇంతే అట: సూదిలో దారం ఎక్కట్లేదురా, నాకు కనబడట్లేదు, వచ్చి ఎక్కించిపో.

చప్పుడు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత మోటారు కూడా ఆగింది. గడియ తీసి షట్టరు పైకెత్తాడు.

నేను ముందు చూసింది అతని చేతులు. పది వేళ్లూ ఉన్నాయి. వెనక గదినిండా మోకాలెత్తున తెల్లటి పేలికలు, పిల్లల పుస్తకాలన్నీ వేలెడు వెడల్పున తెగి పడి ఉన్నాయి. ఆ ఖాళీ కాగితాల్లో తన గురించి ఎవరో రాస్తున్నారని, అవి పిల్లల చేతుల్లోకి వెళ్లకముందే తను తుడిచిపెట్టాలని అనుకున్నాడట. జుట్టులో కాగితపు ముక్కలు, కళ్లు ఎర్రగా. అక్క చెయ్యి పట్టుకుని నావైపు తిరిగి, భయంగా, ఆశగా అడిగాడు.

"ఇవాళ కూడా నేనే ముందొచ్చానండీ మేడమ్. పచ్చది పెడతారుగా?"

నేను తలూపాను.

అతని బట్టల అడుగున రాత్రి వేసుకోవాల్సిన మాత్రలు అట్టలకు అట్టలు దొరికాయి, ఒక్కటి కూడా చింపలేదు. అవి వేసుకుంటే పొద్దున్నే లేవలేనని, లేవకపోతే ఎరుపు పడుతుందని డాక్టరుగారితో చెప్పాడు. ఓనరుగారు మంచివారు, కేసు ఊసెత్తలేదు. కానీ పనిలోకి మళ్లీ తీసుకోలేనన్నారు, నేను అడగనూ లేదు. అట్టను ఆ సాయంత్రమే దింపేశాను. ఆపా నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత మా వాళ్లు ఎంతోమంది ఉద్యోగాల్లో నిలబడ్డారు, కొందరు నాకన్నా ఎక్కువ ఏళ్లు పనిచేశారు. బైండింగ్ షాపు ఉన్నచోట ఇప్పుడు అద్దాల సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. అతను అక్క పక్కనే కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడతాడు. బయట ఉద్యోగం మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, అతనికున్న ఒక్క కోరికా అక్కడే ఆగిపోయింది. ఆపా ఎప్పుడైనా ఫోన్ చేస్తే, మా వాడు ఇవాళ తొమ్మిదిన్నరకి లేచాడండీ అని సంతోషంగా చెబుతుంది.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పేసరికి ఆమె తెచ్చిన అరటిపళ్లు అలాగే ఉన్నాయి. మరి ఫోన్‌లో చూపించిన ఆ సూపర్‌మార్కెట్ అతను రాత్రి నిద్రపోతున్నాడా అని అడిగాను. ఆ ప్రశ్న మా ఫారంలో లేదు మేడమ్ అంది, చిన్నబోయి. తప్పు ఆ పిల్లది కాదు, ఆ ఫారానికి పునాది వేసిందే నేను. కాకపోతే మా అట్ట గోడమీద ఉండేది, ఏ అక్కైనా మెట్లెక్కి వచ్చి వేలితో తడిమి, నిద్రకి బొట్టు లేదా అని అడగడానికి వీలుండేది. ఇప్పుడు చుక్కలన్నీ ఫోన్‌లో భద్రంగా తాళం వేసుకుని ఉన్నాయి, ఇంటివాళ్లకు అవి కనబడవు, ఇంటివాళ్లు మనకు కనబడరు.

అతని ఇంటికి ఇప్పుడే ఫోన్ చెయ్యమన్నాను. ఆదివారం కదా మేడమ్ అంటూనే చేసింది, నాకు వినబడేలా స్పీకర్ పెట్టింది. చాలాసేపు మోగాక అతని తల్లి ఎత్తింది. మీ అబ్బాయి రాత్రిళ్లు నిద్రపోతున్నాడా అని ఈ పిల్ల అడిగింది. ఆ తల్లి గొంతు తగ్గించి మాట్లాడింది, పక్కగదిలో ఎవరికో వినబడకూడదన్నట్టు.

"నెల రోజుల్నించీ చెబుదామనే ఉందమ్మా. మీరెవరూ అడగలేదు."

ఆ పిల్ల చెప్పులు వేసుకుంటుండగానే నేనూ నా చేతికర్ర అందుకున్నాను.