దగ్గరికెళ్ళి తీసే లెన్సు

ఫరీదాబాద్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఒక స్కూల్లో పై అంతస్తు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటాం. పొడుగాటి హాలు, కిటికీలు ఒక పక్కే, పట్టపగలైనా ట్యూబ్‌లైట్లు వెయ్యాలి. కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు కూర్చుంటారు. వేదిక ముందు తిరుగుతూ ఫొటోలు తీసేది ఎప్పుడూ మగవాళ్ళే. అలాగని ఎవరూ రాసి పెట్టలేదు. నేను కెమెరా పట్టుకునేదాకా ఆ సంగతి ఎవరికీ తట్టనూ లేదు.

నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. నలభై దాటాక ఒక పాత కెమెరా కొనుక్కున్నాను. లోపల బొమ్మ పడే సెన్సర్ చిన్నది, క్రాప్ సెన్సర్ అంటారు. దానితోపాటు వచ్చిన లెన్సు ఆరుబయట బాగానే పనిచేసేది కానీ మా హాల్లోకి వచ్చేసరికి చేతులెత్తేసేది. పాట పాడేవాళ్ళ ముఖాలన్నీ తడి గుడ్డతో తుడిచినట్టు చెదిరిపోయేవి. అలాంటి సమయంలో మా వార్డులో పనిచేసే మా సంఘం అమ్మాయికి పెళ్ళి కుదిరింది. పెళ్ళి ఆ హాల్లోనే.

"అక్కా, ఫొటోలు మీరే తియ్యాలి. బయటి ఫొటోగ్రాఫర్లు తీస్తే పౌడర్ డబ్బాలో ముంచి తీసినట్టుంటాను" అంది.

సరేనన్నాను. ఈ సంగతి సంఘ పెద్ద ఒకాయన చెవిన పడింది. ఆయన మంచివాడే, మా అందరికీ అంకుల్. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"సిస్టరమ్మా, ఫొటోలు తియ్యొద్దని ఎవరూ అనరు. కానీ ముందుకొచ్చి మగాళ్ళ మధ్య తిరగడం బాగోదు కదా. పెద్ద జూమ్ లెన్సు ఒకటి కొనుక్కోండి. మీ ఆడాళ్ళ వైపు కూర్చునే అన్నీ దగ్గరికి లాక్కోవచ్చు."

"చూస్తానండి" అని కిందికి దిగాను. ఇంటికెళ్ళే దారిలో మా ఆయనకి ఆ మాటలు చెప్పాను. ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగి, ఎవరితోనూ పేచీ పడని మనిషి. రాత్రి అన్నం తింటూ, "అంకుల్ చెప్పింది మరీ తప్పేం కాదు. ఆ పెద్ద జూమే కొనుక్కో. గొడవుండదు" అన్నాడు. లెన్సు విషయం నేనే చూసుకుంటానన్నాను.

సెలవు రోజు చూసుకుని ఇద్దరం మెట్రోలో చాందినీ చౌక్ వెళ్ళాం. అక్కడ ఒక గల్లీ అంతా కెమెరా దుకాణాలే. లెన్సు నాకని చెప్పినా దుకాణదారు మా ఆయన వైపే చూస్తూ, "మేడమ్ కే లియే హల్కా వాలా దిఖాతా హూఁ సర్" అన్నాడు. మేడమ్‌కి తేలికైనది చూపిస్తాడట! నైట్ డ్యూటీలో మనిషిని మంచం మీద ఒత్తిగిలించేది నేను. ఆ సంగతి అతనికేం తెలుసు?

"బరువు సంగతి నేను అడగలేదు భయ్యా. వెలుతురు సంగతి చెప్పండి" అన్నాను హిందీలో.

అప్పుడు నా వైపు తిరిగి మూడు లెన్సులు బల్ల మీద పెట్టాడు. మొదటిది అంకుల్ చెప్పిన పొడుగు జూమ్. రెండోది ఇరవై నాలుగు-డెబ్బై మిల్లీమీటర్ల లెన్సు. ఎవర్ని అడిగినా ఇదే కొనమంటారు. "రేపు ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొన్నా ఇది పనికొస్తుంది మేడమ్" అన్నాడు. పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాకి అది చక్కని లెన్సే. నా చిన్న సెన్సర్ మాత్రం బొమ్మ అంచుల్ని కత్తిరించేస్తుంది కాబట్టి హాల్లో జనమంతా ఒక ఫొటోలో పట్టరు.

"భయ్యా, పెళ్ళి వచ్చే శనివారం. నేను తీసేది ఈ కెమెరాతోనే" అన్నాను. నా కెమెరాని అందరూ తాత్కాలికమన్నట్టు మాట్లాడటం నాకు మొదటినుంచీ నచ్చదు.

మూడోది పదిహేడు-యాభై. చిన్న సెన్సర్ కెమెరాల కోసమే చేసినది. పొడుగు జూమ్, పదిహేడు-యాభై రెండూ పట్టుకుని దుకాణం బయట మెట్ల దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒక్కటే బల్బు ఉంది. మా ఆయన్ని పై మెట్టు మీద నిలబెట్టాను. పొడుగు జూమ్ ఆయన ముఖాన్ని కింది నుంచే దగ్గరికి లాక్కొచ్చింది. కానీ కళ్ళద్దాలూ కళ్ళూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ లెన్సుని సాగదీసే కొద్దీ దాని కన్ను ఇరుకైపోతుంది, వెలుతురు లోపలికి రాదు. పదిహేడు-యాభైని ఎంత సాగదీసినా కన్ను ఒకేలా పెద్దగా తెరుచుకుంటుంది. కాకపోతే దానికోసం నేను మెట్లెక్కి ఆయన ఎదురుగా వెళ్ళాల్సి వచ్చింది. తెర మీద చూస్తే మీసంలో తెల్ల వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి.

"ఇదే" అన్నాను.

"దీనితో అయితే నువ్వు ముందుకెళ్ళి తీరాలి. ఆలోచించావా?" అన్నాడు మా ఆయన.

"ఆలోచించే తీసుకుంటున్నాను."

శనివారం వచ్చింది. ముసుగు జారకుండా కొంగుకి రెండు పిన్నులు పెట్టుకున్నాను. ప్రమాణాలు మొదలవుతుండగా లేచి నడవలోంచి వేదిక ముందుకి వెళ్ళాను. అంకుల్ వెంటనే వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, వెనక్కి వెళ్ళండి. జూమ్ కొనుక్కోమన్నాను కదా" అన్నాడు గొంతు తగ్గించి.

"కొన్నానండి. దీనితో ఇక్కణ్ణుంచే తియ్యాలి."

"ఇక్కడ ఆడాళ్ళు నిలబడరమ్మా."

"వార్డులో ఎవరూ నన్ను తలుపు దగ్గర నిలబడి బీపీ చూడమనరు అంకుల్. పని ఎక్కడుంటే అక్కడే నిలబడతాను."

పెళ్ళికూతురు మా వైపు చూసి, "అక్కని ఉండనివ్వండి అంకుల్" అంది. పాస్టర్ అయ్యగారు బైబిల్లోంచి ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ చదవసాగారు. అంకుల్ వెళ్ళలేదు. చేతులు కట్టుకుని పెళ్ళి అయ్యేదాకా నా పక్కనే నిలబడ్డాడు. ఉంగరం తొడిగే ఫొటోలో సగం ఆయన మోచెయ్యే. నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

చెడినవి ఇంకా ఉన్నాయి. హాలంతా పట్టించిన ఫొటోలో గోడలు వంగిపోయాయి. కానీ పెళ్ళికొడుకు "అవును" అనేలోపు ఆ అమ్మాయి కింది పెదవి కొరుక్కున్న ఫొటో ఒకటుంది. మొదటిసారి రోగికి సూది వెయ్యడానికి వచ్చిన రోజు కూడా తను అలాగే నిలబడింది. ఎంత పొడుగు జూమైనా ఎడమవైపు నేను కూర్చునే ఆరో వరుసలోంచి ఆ ముఖాన్ని తియ్యలేదు. అది ఇప్పుడు వాళ్ళింటి హాల్లో గోడ మీద ఉంది.

ఆ తర్వాతి ఆదివారం ప్రకటనల్లో, ఫొటోలు తీసేవాళ్ళెవరూ ముందు వరుస దాటి రాకూడదని చదివారు. అందరికీ అన్నట్టే చదివారు, తలలు మాత్రం నా వైపు తిరిగాయి. "ఠీక్ హై, ఇక వదిలెయ్" అన్నాడు మా ఆయన ఇంటికొచ్చాక.

నేను వదల్లేదు. అప్పట్నుంచీ అందరికంటే ముందు వెళ్ళి, ముందు వరుసలో నడవ పక్క కుర్చీలో కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను.

"ముందు వరుస పెద్దవాళ్ళదమ్మా" అన్నాడు అంకుల్ ఒకసారి.

"దాటకూడదని చదివారు. కూర్చోకూడదని చదవలేదే?"

ఆయన వెళ్ళి మైకు సరిచేసుకున్నాడు. పోయిన ఆదివారం మా ఆసుపత్రి నర్సులు ఇద్దరు వెనక నుంచి లేచొచ్చి నా పక్కన కూర్చున్నారు. ఫొటోల కోసం కాదు. ఇక్కడైతే పాట బాగా వినిపిస్తుందట.