పేపర్లో సింహం, హోటల్లో మా యాదగిరి

ఈ పొద్దు ఉప్పుగూడ హోటల్లో పేపరు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. నిన్న కుస్తీలో మా తమ్ముడి కొడుకు యాదగిరి తల నేలకు కొట్టుకుని స్పృహ తప్పింది. ఉల్లిగడ్డ వాసన చూపించి లేపితే, లేచి గెలిచాడు. పేపర్లో వాడిని సింహమని రాశారు. కూడబలుక్కుని నేనూ చదివాను, వాడు బాగున్నాడని నమ్మకం కుదరలేదు.

“తలకాయ ఎట్లుందిరా?” అని పక్కనే కూర్చున్న వాడినే అడిగాను.

“మంచిగనే ఉంది పెద్దబాపు. కుస్తీ రేపే కదా?” అన్నాడు.

అందరూ నవ్వారు.

“మజాక్ చేస్తుండు. ఐతారం నాడు మళ్లా కుస్తీల దించుదాం” అన్నాడు కుస్తీ నేర్పే ఉస్తాద్.

“ఏంది మజాక్? నిన్నటి కుస్తీ వానికి యాదికే లేదు. పేపరోడు వాని తలకాయల తొంగి చూసిండా?” అన్నాను.

వాడి లంగోటీ తెచ్చి నా సందూకులో పెట్టి తాళం వేశాను. నేను పిరికివాడినని ఉస్తాద్ గల్లీ అంతా చెబుతున్నాడు. చెప్పనీ. మీ ఇంటి పిల్లవాడైతే తాళం తీస్తారా?